తేదీ తరువాత పంపబడును

నా భార్య కరుణమ్మను చంపింది ఆమె సొంత అన్న ఐజాక్. సెషన్సు కోర్టు జీవరత్నం అనేవాణ్ణి దోషి అన్నది, ఐజాక్‌ను సాక్షి అన్నది. కోర్టుకు అలా కనిపించింది. నా మాటలో మార్పు లేదు.

నా పేరు ఏసోబు. గురజాల బయట నాపరాళ్ళ క్వారీలో పనిచేస్తాను. ఊళ్ళో మిషన్ బడిలో ఐదో తరగతి దాకా చదివాను. అక్షరాలు వచ్చినవాణ్ణి గనుక సమాధుల మీద పరిచే పలకలకు పేర్లు చెక్కే పని నాకిచ్చారు.

నలభై ఆరు సెప్టెంబరులో కరుణమ్మ తల్లిని చూడాలని నడికుడిలో అన్నగారింటికి వెళ్ళింది. తొమ్మిది రోజులకు కబురొచ్చింది. నేను వెళ్ళేసరికి పూడ్చేశారు. జ్వరమన్నారు. ఐజాక్ నా మొహం చూడలేదు.

జీవరత్నం అప్పటికే ఏడాదిగా ఆ ఇంట్లో ఉంటున్నాడు. వకీలు దగ్గర గుమాస్తాగా చేసి మానేసినవాడు. చలువచేసిన చొక్కా, మెత్తని మాట. పొలం దావా సర్దిపెడతానని వచ్చాడు. వసారాలో మంచం వేసుకున్నాడు. మళ్ళీ కదల్లేదు. కరుణమ్మకు మంచి పలక వేయించాలని పట్టుబట్టింది అతనే. ఊరు మెచ్చుకుంది. ఆ పలక మీద నా భార్య పేరు నేనే చెక్కాను.

పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాను. సొంత అన్నే జ్వరమని సంతకం పెట్టాక నీ గొడవేమిటని పంపేశారు.

నలభై ఎనిమిది మే నెలలో ఒక గురువారం. పొద్దున పది గంటలవుతోంది. నడికుడి బండి దానయ్య క్వారీలోకి వచ్చి ఎద్దుల్ని విప్పుతూ చీటీ చేతికిచ్చాడు.

"ఏసోబన్నా, రెండు పలకలంట. మొదటిది రేపటికి కావాలంట. రెండోది చెక్కి ఉంచమన్నారు."

"ఎవరికి?"

"మీ అత్తగారింటికే. ముసలామె పోయిందిగా పోయిన నెల. నీకు కబురు చెప్పలా?"

చెప్పలేదు. చీటీ విప్పాను. పైన మా అత్త రాజమ్మ పేరు, వయసు, ఏప్రిల్ పదిహేడో తేదీ. కింద ఇంకో పేరు. "ఫిలోమినా, ఐజాక్ గారి కుమార్తె, వయస్సు పదిహేడు. తేదీ తరువాత పంపబడును."

ఇంకోసారి చదివాను. దానయ్యకు చదువు రాదు. తెచ్చింది ఏమిటో అతనికి తెలియదు.

"ఫిలోమినా ఎప్పుడు పోయింది?"

"పోవడమేందన్నా, పాడు మాట! తెల్లారగట్ట బండి కడతంటే కొట్టుగదిలో దగ్గుతా ఉంది. జొరమంట. మూడ్రోజులైందంట. వైద్యుడు నీళ్ళు కూడా ఇయ్యొద్దన్నాడంట."

"ఏ వైద్యుడు?"

"నాకేం తెలుసు. జీవరత్నం గారు చెప్పారు."

ఉలి ఎక్కడ పడేశానో గుర్తులేదు. చీటీ పట్టుకుని క్వారీ యజమాని సాంబశివరావు గారి పాకలోకి పరుగెత్తాను. వానలు పడితే క్వారీ నిండా నీళ్ళే. దసరా దాకా రాయి దొరకదు. చీటీ రాసినవాడు పద్ధతి గల మనిషి, ముందుగానే చూసుకున్నాడు. ఒకే బండిలో రెండు పలకలు తెప్పించుకుంటున్నాడు.

"ఏందిరా ఆ పరుగు? పాము కరిచిందా?" అన్నారు సాంబశివరావు గారు.

ఆయన తల వెనుక గోడకు ఇనుప తీగ వేలాడుతుంది. వచ్చిన చీటీలన్నీ దానికి గుచ్చుతారు. పదేళ్ళ కాగితాలు. తీగను గోడ మీంచి లాగి నేల మీద గుమ్మరించాను.

"ఒరేయ్, నీకేమన్నా మతి పోయిందా!"

"ఈ దస్తూరి చూడండి. ఇలాంటివి ఏరండి."

ఆయన తిట్టుకుంటూనే కూర్చున్నారు. మొదటిది ఆయనకే దొరికింది. సత్తెనపల్లి, నలభై ఒకటి, ఒక మొగుడు. వెంటనే ఇంకోటి, అతని పెళ్ళాం. నాకు రొంపిచెర్లవి మూడు దొరికాయి. అన్నదమ్ములిద్దరు, వాళ్ళ తల్లి. తర్వాత కరుణమ్మది. అన్నిట్లోనూ అదే గుండ్రని రాత. కింద సంతకాలు మాత్రం ఆయా ఇంటివాళ్ళవి. జీవరత్నం ఎవరింట్లో మకాం పెడితే ఆ ఇంటివాడి చేత సంతకం పెట్టించాడు. ఆ ఆరు పలకలూ నేనే చెక్కాను. ఒక్కసారి కూడా రాత వంక చూడలేదు.

సాంబశివరావు గారు తిట్టడం మానేశారు.

"సైకిలు తీసుకుపో. తొక్కటం వచ్చునా?"

"రాదు."

"పడతా లేస్తా పో. పోరా!"

నాలుగుసార్లు పడ్డాను. పోలీసు స్టేషన్ మెట్ల దగ్గర ఐదోసారి. మోకాలు చీరుకుపోయింది. హెడ్ కానిస్టేబులు నన్ను చూసి నవ్వాడు.

"మళ్ళీ వచ్చావా? రెండేళ్ళ కిందటి జొరం ఇంకా తగ్గలేదా నీకు?"

అతణ్ణి తోసుకుని లోపలికి వెళ్ళాను. సబ్ ఇన్‌స్పెక్టరు ధనుంజయరావు కొత్తగా వచ్చిన మనిషి. నడికుడి మాట వినగానే తన స్టేషన్ కిందికి రాదన్నాడు. నేను ఏడు చీటీలూ బల్ల మీద పరిచాను. వేలుపెట్టి ఊరి పేర్లు చూపించాను. చివర్న ఆ రోజు వచ్చిన చీటీ పెట్టాను.

ఆయన చివరి వరుస చదివి తలెత్తాడు.

"ఈ పిల్ల బతికే ఉందా?"

"పొద్దున దగ్గిందంట."

"గుంటూరు పాసింజరు ఎన్నింటికి?"

"పదకొండున్నరకు."

గోడ గడియారంలో పదకొండూ ఇరవై అయింది. ముగ్గురం పరుగెత్తాం. మేము ప్లాట్‌ఫారం ఎక్కేసరికి బండి కదులుతోంది. ధనుంజయరావు గార్డుకు చెయ్యి ఊపుతూ దూకాడు. నేను దూకాను. హెడ్డు లావుపాటి మనిషి, రొప్పుతూ పెట్టె పక్కన పరుగెడుతున్నాడు. చొక్కా పట్టుకుని లోపలికి లాగాను. అతని టోపీ గురజాలలోనే ఉండిపోయింది.

"నా టోపీ..." అన్నాడు.

"తల వచ్చిందిగా, చాలు" అన్నాను.

అరగంటకు పైగా ప్రయాణం. నేను కూర్చోలేదు. తలుపు దగ్గరే నిలబడ్డాను. రైలుకు ముందు నేనే పరుగెడుతున్నట్టుంది ఒంట్లో.

ఆ ఇంటి వసారాలో జీవరత్నం మంచం మీద కూర్చుని ఏదో రాసుకుంటున్నాడు. ఐజాక్, అతని భార్య రూతమ్మ గోడ పక్కన నిలబడి ఉన్నారు. సొంత ఇంట్లో నిలబడి ఉన్నారు. రూతమ్మ చేతుల నిండా పాత వాతలు.

"రండి, కూర్చోండి" అన్నాడు జీవరత్నం, ఇల్లు తనదైనట్టు.

"ఫిలోమినా ఏది?" అన్నాడు ధనుంజయరావు.

జీవరత్నం ఐజాక్ వైపు చూశాడు. అంతే.

"రెంటచింతల వెళ్ళిందండీ, వాళ్ళ పిన్నమ్మ ఇంటికి" అన్నాడు ఐజాక్.

"వెళ్ళిందండీ" అన్నది రూతమ్మ.

నేను అక్కడ ఆగలేదు. ఆ ఇంటికి నాపరాళ్ళు పరిచింది నేనే. కొట్టుగది ఎక్కడో నాకు తెలుసు. తలుపు పగలగొట్టడానికి భుజం ఆన్చాను. తలుపు ఊరికే తెరుచుకుంది. గడియ లేదు. తాళం లేదు.

పిల్ల చీకట్లో వడ్ల గోలేనికి ఆనుకుని మోకాళ్ళ మీద ఉంది. పెదాలు పగిలి నెత్తురు గడ్డకట్టింది.

"లేమ్మా."

"లేవకూడదు మామయ్యా. ఆదివారం దాకా."

"తలుపు తెరిచే ఉంది. రా."

"నేను లేస్తే అమ్మను కూర్చోబెడతారు."

"ఎవరు?"

"నాన్న."

"నువ్వేం చేశావు?"

"నీకు ఉత్తరం రాశా. అమ్మ తీసుకెళ్ళి జీవరత్నం గారికిచ్చింది."

చెయ్యి పట్టి లాగాను. గోలేన్ని కరుచుకుపోయింది. వసారాలోంచి జీవరత్నం గొంతు వచ్చింది. అరవలేదు. మామూలుగా అన్నాడు.

"ఫిలోమినా, కూర్చో."

పిల్ల ఇంకా కిందికి ఒదిగింది.

ధనుంజయరావు గుమ్మంలోకి వచ్చి నెమ్మదిగా చెప్పాడు. "ఇప్పుడేమో ఉపవాసం, ప్రార్థన అంటున్నాడు జీవరత్నం. తల్లీతండ్రీ అవునంటున్నారు. ఈ పిల్ల కూడా అదే అంటే నేనేం చెయ్యలేను. తన కాళ్ళ మీద బయటికొచ్చి చెప్పాలి."

ఎత్తుకుపోవచ్చు. కాగితం ముక్కలా ఉంది పిల్ల. ఎత్తుకుపోతే మళ్ళీ తనే తిరిగొచ్చి అక్కడ కూర్చుంటుంది. నాకు ఆ క్షణంలో అది తెలిసిపోయింది. ఆయన చేతిలోని చీటీ తీసుకుని పిల్ల ముందు పెట్టి, తలుపు బార్లా తెరిచాను.

"చదువు."

వెలుతురుకు కళ్ళు చికిలించింది. వేలు పెట్టి చదివింది.

"నాయనమ్మ పేరు."

"కిందది."

చదివింది.

"ఆయన రాతే. తేదీ ఏది మామయ్యా?"

"పంపిస్తానన్నాడు."

పిల్ల గోలేన్ని వదిలేసింది. గోడ పట్టుకుంది. మొదటిసారి మోకాళ్ళు నిలవలేదు. రెండోసారి లేచింది. నేను చెయ్యి ఇస్తే తీసుకోలేదు. ఒక్కో అడుగే వేసుకుంటూ వసారాలోకి నడిచింది. జీవరత్నం వైపు చూడనైనా చూడలేదు. నేరుగా ఐజాక్ ముందుకు వెళ్ళి చీటీ చూపించింది.

"నాన్నా, ఇది నీకు తెలుసా?"

ఐజాక్ చీటీ వైపు చూశాడు.

"తెలుసమ్మా" అన్నాడు.

జీవరత్నం లేచి పెరటి తలుపు వైపు నడిచాడు. తర్వాత పరుగెత్తాడు. మూడేళ్ళుగా తలెత్తని రూతమ్మ పెరటి గుమ్మానికి అడ్డంగా చేతులు చాచి నిలబడింది. వాడు ఆమెను తోశాడు. ఆమె పడలేదు. వాడి చొక్కా పట్టుకుంది, అరుస్తూనే ఉంది. టోపీ లేని హెడ్డు వెనక నుంచి వెళ్ళి వాణ్ణి నేల కరిపించాడు. నాలుగు వీధుల జనం వచ్చారు.

"అత్తయ్యను కూడా ఆ గదిలోనే కూర్చోబెట్టారు" అన్నది ఫిలోమినా, అందరి ముందు. "వారం రోజులు. అత్తయ్య మాలాగా కూర్చోలేదు. రెండుసార్లు లేచి వచ్చింది. నాన్న పట్టుకుని లోపల కట్టేశాడు."

ఆ తర్వాత సత్తెనపల్లి వాళ్ళు నోరు విప్పారు. రొంపిచెర్ల వాళ్ళు విప్పారు. ప్రతి ఇంట్లోనూ ఒకటే పద్ధతి. ఏదో ఒక దస్తావేజులో తప్పు పట్టుకుని లోపలికి రావడం, రోజూ సాయంత్రం ఒకరి తప్పులు ఇంకొకరి చేత చెప్పించడం, శిక్ష సొంతవాళ్ళ చేతులతోనే వేయించడం. వాడు ఎవరి మీదా చెయ్యి వేయలేదు. ఐజాక్ పొలం కాగితాల మీద తన నాన్న వేలిముద్ర దొంగగా వేశాడు, అది జీవరత్నానికి తెలుసు. ఆ భయంతో చెల్లెల్ని కట్టేశాడు.

జీవరత్నాన్ని ఉరి తీశారు. ఐజాక్ అప్రూవరుగా మారి బయటికొచ్చాడు.

ఫిలోమినా నా ఇంట్లోనే ఉంటుంది. నరసరావుపేటలో టీచరు ట్రెయినింగుకు వెళుతోంది. ఆదివారాలు తల్లీతండ్రుల్ని చూడటానికి వెళుతుంది. నేను వద్దనను.

ఐజాక్ మూడుసార్లు క్వారీకి వచ్చాడు. చివరిసారి ఎండలో మధ్యాహ్నం దాకా నిలబడ్డాడు.

"బావా, కరుణ నీకో మాట చెప్పమంది. పోయేముందు. అది చెప్పి పోతా."

నేను పని ఆపలేదు.

ఆ సాయంత్రం ఫిలోమినా అన్నం పెడుతూ అడిగింది. "అది నాన్న మాట కాదు మామయ్యా, అత్తయ్య మాట. ఒక్కసారి విను."

"ఏ చేతులు కట్టేశాయో ఆ చేతులవాడి నోటి గుండా నాకు ఏ మాటా అక్కర్లేదు."

"అయితే నేను అడిగొచ్చి చెప్తా."

"వద్దు."

కోర్టులో చెప్పాను. ఇక్కడ రాశాను. ఇకమీదట ఈ సంగతి ఐజాక్ అడిగినా, ఫిలోమినా అడిగినా, పాస్టరు వచ్చి అడిగినా నేను నోరు విప్పను.