ఒకే గొళ్ళేనికి రెండు తాళాలు

నేను ఒక ఇత్తడి తాళంకప్పను. అరచేతి నిండా సరిపోతాను, పావుకిలో పైనే తూగుతాను. ముందే చెబుతున్నాను, నా చెవి లేకుండా నన్ను తెరిచిన మొనగాడు గోదావరికి ఈ ఒడ్డునా లేడు, ఆ ఒడ్డునా లేడు. ఏలూరులో ఒక దొంగ మూడు అమావాస్యలు నాతో కుస్తీ పట్టాడు. నాలుగో అమావాస్యకి నా ముందు కొబ్బరికాయ కొట్టి, ఆ వృత్తే మానేసి సోడాబండి పెట్టుకున్నాడు. కావాలంటే వెళ్ళి నిమ్మసోడా తాగి రండి. నా పేరు చెబితే ఉప్పు కాస్త ఎక్కువ వేస్తాడు.

నేను పుట్టింది అలీగఢ్‌లో. నన్ను చేసిన ముసలాయన నా పొట్ట మీద ఆరు లీవర్లు అని అంకె చెక్కాడు. లోపల పెట్టిన మీటలు నాలుగే. మనుషుల గురించి నేను నేర్చుకున్న మొదటి పాఠం అది. పైన చెక్కింది ఒకటి, లోపల ఉన్నది ఇంకొకటి.

అక్కణ్ణుంచి రైలెక్కి గోదావరి దేశం వచ్చి ఒక రైసుమిల్లు గుమాస్తా చేతిలో పడ్డాను. ఆయన రోజూ సాయంత్రం గోడౌను ముందు తలుపుకి నన్ను వేసి, రెండుసార్లు లాగి చూసి, దణ్ణం పెట్టుకుని, వెనక తలుపులోంచి బియ్యం మోసుకుపోయేవాడు. నేను కాపలా కాసినన్నాళ్ళూ ముందు తలుపులోంచి ఒక్క గింజ పోలేదు. ఆయన ఉద్యోగం ఊడాక సంతలో పాత సామాన్ల గోనెపట్టా మీద కొన్నాళ్ళు పడి ఉంటే, తాయారు తండ్రి బేరమాడి కొన్నాడు. కూతురు నిడదవోలులో కాపురం పెడుతుంటే, ఇంటికి ముందు తాళం ముఖ్యం అని చేతిలో పెట్టాడు.

తాయారు జాకెట్లు కుడుతుంది. భర్త లారీ డ్రైవరు. నెలలో ఇరవై రోజులు ఏ ఒరిస్సాలోనో ఉంటాడు. రైలు స్టేషను వెనక వీధిలో ఓవర్సీరు సత్యానందం గారి కింది వాటా అద్దెకి తీసుకుని, నలభై వేలు అడ్వాన్సు కట్టి, పాలు పొంగించి దిగింది. తొమ్మిదేళ్ళు ఆ తలుపుకి నేనే కాపలా. పై వాటాలో ఓవర్సీరు గారు, ఆయన భార్య వజ్రం గారు ఉండేవారు. ఆవిడకి ఒకటే పట్టింపు. శుక్రవారం తెల్లారేసరికి కింది గడపకి పసుపు ఉండాలి. లేకపోతే మేడ మీంచి వంగి చూసి, "అమ్మాయ్, గడప బోసిగా ఉంది. నా ఇంటికి అరిష్టం తెస్తావా ఏంటి?" అని వీధంతా వినబడేలా అనేది. తాయారు కడుపులో నొప్పితో పడుకున్న శుక్రవారం కూడా లేచి పసుపు రాసింది. ఆ పూట నేను చూశాను. ఒక చేత్తో పొట్ట పట్టుకుని రెండో చేత్తో రాసింది.

తొమ్మిదేళ్ళకి ఓవర్సీరు గారు అద్దె ఒక్కసారిగా సగం పెంచారు. తాయారు ఖాళీ చేస్తానంది. ఊరవతల ఇల్లు చూసుకుంది. ఆ ఇంటాయనకి సగం అడ్వాన్సే ఇవ్వగలిగింది. మిగతాది ఇక్కణ్ణుంచి వెనక్కి వచ్చే డబ్బులోంచి కడతానని మాట ఇచ్చింది. ఆయన మంచివాడే, లెక్కలో మటుకు గట్టివాడు. సామాను వరండాలో టార్పాలిన్ కింద పెట్టుకోనిచ్చి, మొత్తం కట్టాకే లోపలికి అన్నాడు. జ్యేష్ఠం దాటితే ఇంకొకరికి ఇచ్చేస్తానన్నాడు. జ్యేష్ఠం దాటితే ఆషాఢం. ఆషాఢంలో కొత్త ఇంట్లో కాలు పెట్టేవాళ్ళు మా వైపు లేరు, పెట్టనిచ్చేవాళ్ళూ లేరు. అంటే తాయారు కుట్టుమిషనూ, పదిమంది పెళ్ళి జాకెట్లూ నెల్లాళ్ళపాటు టార్పాలిన్ కింద వానలో ఉండాలి.

అడ్వాన్సు అడగడానికి వెళితే ఓవర్సీరు గారు టేపు పట్టుకుని కిందికి దిగారు. జీవితమంతా కల్వర్టులు కొలిచిన మనిషి. గోడలకున్న మేకు రంధ్రాలు లెక్కపెట్టారు. ముప్ఫై ఏడు. అందులో ఇరవై అంతకు ముందు అద్దెకున్నవాళ్ళవి. ఆ సంగతి గోడకి తెలుసు, నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. తరవాత గడప దగ్గర గొంతుక్కూర్చుని పసుపు మరక పొడవు, వెడల్పు కొలిచి, టేకు గడప పాలిషు పోయిందని రాసుకున్నారు. మొత్తం ఇంటికి సున్నం, పాలిషు, కూలీ అన్నీ కలిపి, కార్బన్ కాగితం పెట్టి రెండు ప్రతులు రాసి, ఒకటి తాయారు చేతిలో పెట్టారు. చివరికి ఆవిడకి మిగిలేది ఏడువేలు. అదీ కొత్తవాళ్ళు దిగి అడ్వాన్సు ఇచ్చాక.

తొమ్మిదేళ్ళు ఆయన్ని బాబాయిగారు అని పిలిచిన తాయారు ఆ కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుని, "సరేనండి ఓవర్సీరు గారూ" అంది. లోపల ఒక చాప, నీళ్ళ బిందె, దేవుడి పటం వదిలేసి, తలుపు మూసి నన్ను వేసింది. మెట్ల మీద నుంచుని వీధికంతా వినిపించేలా చెప్పింది. లోపల తన సామానుందట. కాబట్టి ఇల్లు ఇంకా ఖాళీ చెయ్యలేదట. ఎవరైనా తాళం ముట్టుకుంటే దొంగతనం కింద పోలీసు స్టేషనుకు పోతుందట.

ఆయన ఊరుకుంటారా? ఆ సాయంత్రమే కొత్త స్టీలు తాళం తెచ్చి అదే గొళ్ళేనికి నా పక్కన వేశారు. అలా పన్నెండు రోజులు మేమిద్దరం భుజాలు రాసుకుంటూ వేలాడాం. అది కుర్రది, తళతళలాడేది, నాతో ఒక్క మాట మాట్లాడలేదు. గాలి వీచినప్పుడు మాత్రం కావాలని నన్ను తన్నేది. పై వాటా వాళ్ళు మెట్లు దిగేటప్పుడు నా వైపు చూసి ఉమ్మేవారు. తాయారు రోజూ పొద్దున్నే వచ్చి గేటు బయట నుంచుని, నేను వేలాడుతున్నానో లేదో చూసి, లోపలికి రాకుండా వెళ్ళిపోయేది.

ఇక్కడ మీకొక నిజం చెప్పాలి. మొదట నేను కోసిన కోతలు మర్చిపోండి. నా చెవి నాలుగేళ్ళ కిందటే పోయింది. లోపలి స్ప్రింగు అంతకు ముందే పోయింది. నన్ను పట్టుకుని కాస్త కిందికి లాగి, ఎడమకి తిప్పితే చాలు, నోరు తెరుస్తాను. తాయారుకి తెలుసు, ఆవిడ భర్తకి తెలుసు. ఒకసారి పాలవాడి గేదె కొమ్ము తగిలి తెరుచుకున్నాను, కాబట్టి గేదెకి కూడా తెలుసు. తెలియనిదల్లా ఓవర్సీరు గారికే. స్టేషనుకు భయపడి ఆయన నన్ను ముట్టుకోలేదు. తాయారు నలభై వేలు, ఆ ఇల్లు, మిషను, అన్నీ ఆ భయం మీద వేలాడుతున్నాయి. నా మీద కాదు.

జ్యేష్ఠం ఆఖరి గురువారం, పొద్దున్న ఎనిమిదీ పన్నెండుకి కొత్తవాళ్ళకి ముహూర్తం. బ్యాంకు గుమాస్తా, ఆయన భార్య, ఆయన తల్లి వరహాలమ్మ గారు, పాలగిన్నె, దేవుడి పటం, దీపం కుందితో ఆటో దిగారు. తాయారు అప్పటికే గేటు దగ్గర ఉంది. ఓవర్సీరు గారు తన స్టీలు తాళం తీసి జేబులో వేసుకుని, చేతిలో సుత్తితో నా ముందుకొచ్చారు. ఆ రోజు ఇల్లు దిగకపోతే వాళ్ళు వేరే ఇల్లు చూసుకుంటారు, ఈయన ఇల్లు శ్రావణం దాకా ఖాళీ. అందుకే స్టేషను భయం కూడా పోయింది.

వరహాలమ్మ గారు పాలగిన్నె కోడలికిచ్చి ఆయన ముందుకొచ్చింది. డెబ్భై దాటిన మనిషి, వంగిపోయింది, గొంతు మాత్రం వంగలేదు.

"సుత్తెందుకండి?"

"పాత అద్దెకున్న మనిషి తాళమండి. మొండి మనిషి. ఒక్క దెబ్బండి."

"పగిలిన తాళం తొక్కుకుంటూ దీపం పట్టుకెళ్ళమంటారా నన్ను? శుభమా అని దిగుతుంటే?"

సుత్తి కిందికి దిగింది. తాయారు గేటు తీసుకుని లోపలికొచ్చింది. పిడికిట్లో చెవి ఉన్నట్టు బిగించి పట్టుకుంది. నలభై వేలూ చేతిలో పెడితే తాళం తీస్తానంది. ఓవర్సీరు గారు రెండో ప్రతి తీసి చదవడం మొదలెట్టారు. మేకులు, సున్నం, కూలీ. ఆయన గొంతు బాగానే సాగింది, గడప దాకా.

"టేకు గడపకి పసుపు మరకలు, పాలిషుకి..."

"ఆగండాగండి," అంది వరహాలమ్మ గారు. "గడపకి పసుపు రాసినందుకు ఈ పిల్ల దగ్గర డబ్బు కోస్తున్నారా?"

మేడ మీంచి చూస్తున్న వజ్రం గారు తల వెనక్కి తీసుకుంది. తాయారు తలెత్తి అటే చూస్తూ, "రాయకపోతే ఊరుకునేవారు కాదండి. అడగండి, పైనున్నారు," అంది.

ఓవర్సీరు గారు పాలిషు అన్నమాట రెండుసార్లు అన్నారు గాని, ముహూర్తపు పూట, పాలగిన్నె ముందు, పసుపు నష్టమని చెప్పగలిగే మగాడు ఆ జిల్లాలో లేడు. వరహాలమ్మ గారు గడప దగ్గర కూర్చుని, మరక మీద చెయ్యి వేసి, "బోసి గడప అయితే మా వాడితో ఈ ఇల్లు వద్దనేదాన్ని. దీన్ని చూసే ఒప్పుకున్నాను," అంది. లేచి కుంకుమ భరిణె తీసి తలుపుకి బొట్టు పెట్టింది. తరవాత నాకు పెట్టడానికి, నన్ను ఎడమచేత్తో పట్టుకుంది.

నా పైప్రాణాలు పైనే పోయాయి. ఆవిడ చెయ్యి బరువు. కిందికి లాగుతోంది. ఎడమకి తిరుగుతున్నాను. తాయారు పిడికిలి తెల్లబడింది. అప్పుడు నేను నా నాలుగు లీవర్లనీ, లేని రెండు లీవర్లనీ కూడగట్టుకుని పళ్ళు బిగించాను. ఊడలేదు.

వరహాలమ్మ గారు బొట్టు పెట్టి, చెయ్యి తుడుచుకుని, "గట్టి తాళం. ఆ పిల్ల తీస్తే తప్ప ఊడదు. టైము ఎనిమిదీ అయిదయింది," అంది. కొడుకు జేబులోంచి నలభై వేల అడ్వాన్సు కవరు తీయించి, ఓవర్సీరు గారి చేతికి తగలకుండా, తాయారు చేతిలో పెట్టింది. ఓవర్సీరు గారు నోరు తెరిచారు, వాచీ చూసుకున్నారు, మూసుకున్నారు. తాయారు లెక్కపెట్టి, రెండు వేలు తీసి గడప పక్కన మెట్టు మీద పెట్టి, "నేను కొట్టిన పదిహేడు మేకులకి," అంది. ట్రంకుపెట్టె చెవి ఒకటి నాలో దూర్చి, ఎంతో కష్టపడుతున్నట్టు తిప్పి, నన్ను తీసింది. చాప, బిందె, పటం పట్టుకుంది. వెళ్ళొస్తానని ఎవరికీ చెప్పలేదు. వెళ్తున్నానని కూడా చెప్పలేదు. ఎనిమిదీ పన్నెండుకి లోపల పాలు పొంగాయి. మధ్యాహ్నానికి ఊరవతల కుట్టుమిషను ఇంట్లోకి వెళ్ళింది.

ఇప్పుడు నేను తలుపుకి లేను. తాయారు కొత్త తాళం కొనుక్కుంది. గుడ్డ కత్తిరించేటప్పుడు కదలకుండా నన్ను దాని మీద బరువు పెడుతుంది. నా పొట్ట మీద ఆ కుంకుమ మరక ఇంకా ఉంది, గుడ్డకి అంటుతుందని రోజూ తిట్టుకుంటుంది, తుడవదు.

ఇంతసేపు విన్నారు కాబట్టి ఒప్పుకుంటాను. ఈ కథలో నేను కల్పించింది ఇంకొక్కటి ఉంది. సోడాబండి దొంగ కాదు, వాడు నిజం. పళ్ళు బిగించానన్నాను చూశారూ, అది అబద్ధం. ఆవిడ చెయ్యి వేసిన క్షణమే టప్పున తెరుచుకున్నాను. వరహాలమ్మ గారు నన్ను చూసింది. తాయారుని చూసింది. ఎన్ని అద్దె ఇళ్ళు మారిన మనిషో, ఎవరి దగ్గర ఎంత అడ్వాన్సు వదులుకుందో నాకు తెలియదు. అందరికీ వీపు అడ్డంపెట్టి, బొటనవేలితో నన్ను నొక్కి మూసేసి, ఆ తరవాత బొట్టు పెట్టింది.