పర్ఫెక్టు అనిందంట

పర్ఫెక్టు అనిందంట, ఆ ఒక్క మాట చాలు కదా, అయినా ఏది పర్ఫెక్టు, బిడ్డా, తల్లీ, కానుపా, కృపావతి కానుపుకని నంద్యాల పుట్టింటికి పోయినప్పటి నుంచీ అటు నుంచి వచ్చే బస్సు హారను వినిపిస్తే చాలు పాఠం మధ్యలోనే బడి గేటు దాకా పరిగెత్తడం నాకు అలవాటయింది, ఈ రోజూ అలాగే పరిగెత్తాను, కండక్టరు ఓబులేసు ఫుట్‌బోర్డు మీద నుంచే చేతులూపుతూ, ఆనందరావు సారూ, మీ యత్త దానమ్మ నంద్యాల్లో బస్సెంబడి పరిగెత్తుకుంటా వచ్చి చెప్పమనింది, కానుపయిందంట, డాక్టరమ్మ పర్ఫెక్టు అనిందంట, అని అరిచాడు, ఆడబిడ్డా మగబిడ్డా, కృపావతి ఎట్లుంది, అని నేనడిగితే, బస్సు కదిలిపాయ సారూ, ఇంజను సప్పుడుకు మిగతాది ఇనపడలే, ఆ ఇంగ్లీషు మాట ఒగటే చెవిన పడె, ఎక్కండి బేగా, ఈ బస్సే మల్లా తిరిగి పోతాంది, అన్నాడు, ఎక్కేశాను, హెడ్‌మాస్టరుకు చెప్పానో లేదో, చెప్పే ఉంటాను, చెప్పకపోతే మాత్రం ఏం, ఆళ్లగడ్డ వెనక్కి పోతోంది, కుడివైపు నల్లమల కొండలు వానకు కడిగినట్టున్నాయి, జొన్న చేలు ఇంత పచ్చగా ఎప్పుడయ్యాయి, నిన్న కూడా ఇలాగే ఉన్నాయా, పక్క సీట్లో నంద్యాల బట్టల అంగడి మహానందయ్య నన్నే చూస్తూ, ఏంది సారూ, ఒక్కరే నవ్వుకుంటాండారు, అన్నాడు, చెప్పాను, చెప్పకుండా ఎలా ఉంటాను, ఆయన ఆ మాటను నోట్లో అటూ ఇటూ తిప్పుకుని, పర్ఫెక్టు అంటే ఏందప్పా, అన్నాడు, ఏ లోపమూ లేనిదని, అని క్లాసులో చెప్పినట్టే చెప్పాను, ఆయనేమో, ఎన్నేండ్ల నుంచో గుడ్డలమ్ముతాండా, అట్లాంటి గుడ్డ తాను ఒగటి గూడా నా అంగట్లోకి రాలే, యాడో ఒగచోట పోగు తప్పే ఉంటాది, మీ ఇంటికొచ్చిందంటే సంతోషమప్పా, అన్నాడు, ముందు సీట్లలో వాళ్లంతా వెనక్కి తిరిగి నవ్వారు, ఎవరో ముసలామె నా చేతిలో గుప్పెడు వేరుశనక్కాయలు పోసింది, తండ్రివైతివి, తిను నాయనా, అంది, తండ్రినైతిని, ఎంత బాగుంది వినడానికి.

శిరివెళ్లలో బస్సు ఆగింది, ఇంజనుకు నీళ్లు పోస్తున్నారు, గాలి ఆగిపోయింది, నవ్విన వాళ్లలో సగం మంది దిగిపోయారు, ఇంతకీ ఆ మాటకు లోపం లేనిదనే ఒక్క అర్థమేనా, పర్ఫెక్టు స్ట్రేంజరంటే బొత్తిగా ముఖమే తెలియనివాడు, పర్ఫెక్టు ఫూలంటే వట్టి తెలివితక్కువవాడు, అక్కడ లోపమే నిండుగా ఉంది కదా, ఏ మాట పక్కన చేరితే దాన్ని నిండుగా చేసే మాట అది, మంచిని మంచిగా, చెడ్డను చెడ్డగా, మరి డాక్టరమ్మ దాని పక్కన ఇంకే మాట చెప్పిందో, ఇంజను చప్పుడులో ఏది పోయిందో, కర్నూలు రాజధాని అయినప్పటి నుంచి బడికి ఇన్‌స్పెక్టర్ల రాక ఎక్కువైంది, వాళ్లొచ్చినప్పుడల్లా పిల్లలతో పర్ఫెక్టు సైలెన్స్ అంటుంటాను, ఛీ, ఆ మాట ఇప్పుడెందుకు గుర్తొచ్చింది, మా మొదటి బిడ్డ వారం తిరక్కుండానే పోయింది, రెండోవాడు పుట్టాడు కానీ ఏడవలేదు, గది బయట నిలబడి ఏడుపు కోసం చెవులు రిక్కించి ఎంతసేపు విన్నానో, లోపల అంతా నిశ్శబ్దం, ఓబులేసూ, ఇంకెంతసేపప్పా, అన్నాను, పోదాం సారూ, పోదాం, అన్నాడు, మహానందయ్య నా భుజం మీద చెయ్యి వేశాడు.

నంద్యాలలో బస్సు పూర్తిగా ఆగకముందే దూకాను, మిషనాసుపత్రి దాకా పరుగే పరుగు, వరండాలో మా అత్త దానమ్మ తడిగుడ్డలు పిండుతోంది, ఏంది నాయనా ఆ పరుగు, కుక్కలు తరుముతాండాయా ఏంది, అంది, నవ్వుతూ అంది, నవ్వుతూనే, ఆడబిడ్డ నాయనా, తల్లీ బిడ్డా బాగుండారు, అంది, మరి పర్ఫెక్టేందత్తా, అన్నాను, ఆ మాట వినగానే గుడ్డ వదిలేసి కడుపు పట్టుకుని నవ్వింది, పుట్టినప్పట్నించీ ఉచ్చ పోయలేదని డాక్టరమ్మ ఒగటే దిగులు పడతాండె, పొద్దున్నే వచ్చి బిడ్డను ఇట్ల ఎత్తుకునిందో లేదో, ఆ తెల్లకోటు మింద సర్రుమని పోసేసె నీ కూతురు, ఆయమ్మ తడిసిన కోటు చూసుకోని, నవ్వి నవ్వి, పర్ఫెక్టు పర్ఫెక్టు అనె, అంది, నేను గోడకానుకుని కిందికి జారిపోయాను, నవ్వో ఏడుపో, ఉచ్చకు ఆ మాట, మేం పిల్లల చేత వల్లె వేయించిన అర్థాల్లో ఎక్కడుంది ఇది, నీ కూతురు అనింది చూడు, నా కూతురు.

లోపల కృపావతి చెమటకు అంటుకున్న వెంట్రుకలతో, ఎండిపోయిన పెదవులతో నన్ను చూసి, చూసినావా దీని అందం, అంది, బిడ్డ తల కాస్త సాగినట్టుంది, ఎడమ చెవి మడత పడి ఉంది, నుదుట కమిలిన మచ్చ, ఎర్రగా ముడతలు ముడతలుగా, మా నాయన కోపమొచ్చినప్పుడు ఉండేట్టు, దాని అరచేతిలో వేలు పెట్టానో లేదో నోరు తెరిచి వార్డంతా లేచేలా ఏడ్చింది, పక్క మంచం ఆమె, అమ్మో ఏం గొంతు, అంది, నాకేమో ఉన్నట్టుండి పాఠం గుర్తొచ్చింది, ప్రెజెంట్ పర్ఫెక్టు టెన్సు, కేమ్ అంటే వచ్చింది, వచ్చి పోయిందో ఏమో ఆ మాట చెప్పదు, హ్యాజ్ కమ్ అన్నా వచ్చిందే, కానీ వచ్చినది ఇంకా మన ముందే ఉంది, దాన్ని పర్ఫెక్టని ఎందుకంటారు సార్ అని ఒక పిల్ల అడిగితే, దాని పేరే అదమ్మా, బట్టీపట్టు, అన్నాను, నాకే తెలియదు మరి, ముందు పుట్టిన ఆ ఇద్దరూ వచ్చారు, మా దగ్గరికే వచ్చారు, ఉండలేకపోయారు, ఇది మాత్రం చెవి మడతతోనే, కమిలిన నుదుటితోనే, నా వేలు పట్టుకుని గట్టిగా లాగుతోంది, ఏమయ్యా, గమ్మునుండావే, ఏమన్నా మాట్లాడు, అంది కృపావతి, వచ్చింది, అన్నాను, వచ్చింది, ఉంది.