వైనీ కోసం ప్రకటన

అమెరికాలో బానిసత్వం రద్దయి పదిహేనేళ్లయినా, ఆ చర్చిలో ప్రతి ఆదివారం ప్రసంగానికి ముందు పాస్టరుగారు పత్రికలో వచ్చిన ప్రకటనలు చదివేవారు. ఎక్కడెక్కడికో అమ్ముడుపోయిన తల్లులు, పిల్లలు, పెళ్లాల కోసం జనం వేయించినవి.

ఆ రోజు కెజీయా మొగుడు ఆండర్సన్ వేయించినది చదివారు. “నా మొదటి భార్య వైనీని నాచెజ్ బానిసల సంతలో అమ్మేశారు. ఎడమ చెంప మీద పుట్టుమచ్చ. నవ్వితే ముక్కు ముడుచుకుంటుంది.”

పక్కనున్న ఆడవాళ్లు కెజీయాని ఓరగా చూశారు. ఆమెకు ఒళ్లు మండిపోయింది. పదేళ్లుగా వండిపెడుతున్న తన ముక్కు ఎలా ఉంటుందో ఈ మనిషి ఎప్పుడైనా చూశాడా?

బయటికి రాగానే నిలదీసింది. “ముక్కుతో సహా గుర్తుందన్నమాట!”

“బతికుందో లేదో తెలీదు. దాని మీద కుళ్లేమిటే నీకు?”

కెజీయా విసురుగా పాస్టరుగారి దగ్గరికి వెళ్లింది. “అయ్యగారూ, నాక్కూడా ఒకటి రాయండి.”

“ఎవరి కోసమమ్మా? మీ అమ్మ పేరేంటి? మీ పాత దొర పేరు?”

“నన్నమ్మేనాటికి మూడేళ్లండీ. ఎవరి పేరూ తెలీదు.”

“మరి ఏమని రాయను?”

“ఆయన వైనీని వెతుకుతున్నాడు కదా,” అంది కెజీయా. “కెజీయాని ఎవరైనా వెతుకుతున్నారేమో అడగండి.”