తోటికోడలు పంపిన ప్యాచ్

...ఒక్కచోటైనా తప్పు దొరికితే బాగుండును. కోడ్‌లో ఖాళీ జాగా ఎక్కువైందనో, పేరు పొడుగైందనో కాదు. అలాంటివి పోయినసారే ఏరి ఏరి పంపింది. ఆ పిల్ల మర్నాటికల్లా అన్నీ సరిచేసి, చివర "థాంక్స్" అని కూడా రాసింది. ఆ థాంక్స్ ఇంకా పంటికింద రాయిలా తగులుతూనే ఉంది. ఇప్పుడు కావాల్సింది పెద్ద తప్పు. నలుగురూ అవునని తలూపే తప్పు.

ఆమె కుర్చీ ముందుకు లాక్కుని, తోటికోడలు ప్యాచ్‌గా పంపిన కోడ్ మార్పుల్ని మళ్లీ మొదటినుంచి చదవసాగింది.

ఒకే కంప్యూటర్‌లో పది కంప్యూటర్లు ఉన్నట్టు నడిపించే, ఎవరైనా మార్పులు పంపగల ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్ కోసం ఆ ప్యాచ్. అందులో మెమరీ భాగానికి ఏళ్ల తరబడి ఆమే పెద్దదిక్కు. "చూశాను, సరిగా ఉంది" అని ఆమె సంతకం పెట్టనిదే అందులోకి ఒక్క వాక్యం కూడా పోదు. ఇన్నాళ్లూ లోపలి వర్చువల్ మెషీన్ ఏం చేస్తున్నా దాన్ని నడిపించే అసలు కంప్యూటర్‌కి కనపడేది, అద్దెకిచ్చిన గదిలోకి ఇంటివాళ్లు ఎప్పుడంటే అప్పుడు తొంగిచూసినట్టు. మెమరీని ఎన్‌క్రిప్ట్ చేస్తే, అంటే చదవరాని అంకెలుగా మార్చేస్తే, ఆ తొంగిచూపులు ఆగిపోతాయి. తాళంచెవి ప్రాసెసర్ దగ్గరుంటుంది.

ఆ పని తనే చెయ్యాలనుకుంది. మొదలుపెట్టింది కూడా. లోపలి మెషీన్ పేజీ అనే మెమరీ ముక్కని బయటి పరికరాలతో పంచుకుని, మళ్లీ వెనక్కి తీసుకునే చోట చిక్కుపడింది. అది విడక, "దీనికింకా సమయం రాలేదు" అని అందరికీ పెద్దరికంగా చెప్పి అటకెక్కించింది. మరిది చేసుకొచ్చిన ఈ పిల్ల, ఎక్కడో చిప్పుల కంపెనీలో పనిచేసే పిల్ల, ఇంట్లో అడుగుపెట్టి ఏడాది తిరక్కుండా ఆ చిక్కుని జడ చిక్కు తీసినంత తేలిగ్గా తీసి పంపింది. ఇంకేముంది, ఈ పనివాళ్లంతా ఉత్తరాలు రాసుకునే మెయిలింగ్ లిస్టులో అందరూ ఒకటే మెచ్చుకోళ్లు. ఎంత అందమైన పని అన్నారు. ఇన్నేళ్లలో తన పనిని ఎవరూ అందం అనలేదు. గట్టిది అన్నారు, పాత బీరువాని అన్నట్టు.

ఇవాళ సాయంత్రంతో కొత్త విడుదలకి తలుపులు మూసేస్తారు. ఆలోగా తన సంతకం పడకపోతే ఆ అందమైన పని వచ్చే విడుదల దాకా బయటే నిలబడాలి.

పొద్దున కాఫీ దగ్గర అత్తగారు దెప్పనే దెప్పింది.

"ఒక కప్పు కిందే ఉంటారు. నువ్వు ఈ గదిలోంచి ఉత్తరం రాస్తావు, అది ఆ గదిలోంచి జవాబిస్తుంది. నోళ్లేమైనా నొప్పా మీకు?"

"పని మాటలు లిస్టులోనే మాట్లాడాలి అత్తయ్యా. అందరికీ కనపడాలి. అదీ పద్ధతి."

"బాగుందే! ఇంట్లో పోట్లాటకి ఊరంతా సాక్ష్యమా?"

తోటికోడలు కాఫీ కప్పులోకి నవ్వుకుంది. ఆ నవ్వు ఎవరి పక్షమో ఆమెకి అంతుపట్టలేదు. ఆ ఒక్క నవ్వునే పట్టుకుని పొద్దంతా చిలవలు పలవలు అల్లుకుంది.

కోడ్ చివరికొచ్చింది. తప్పు లేదు. ఇక మిగిలింది పరీక్ష. ఎప్పుడో తను రాసుకున్న ప్రోగ్రామే. లోపలి మెషీన్ మెమరీలో ఒక గుర్తుమాట రాస్తుంది, బయటనుంచి దానికోసం వెతుకుతుంది. దొరికితే పచ్చ, దొరక్కపోతే ఎరుపు. నడిపింది.

ఎరుపు.

గుండె గెంతింది. అది భయం కాదని ఆమెకి తెలుసు. తెలిసినా అటు చూడలేదు. మెమరీ నిండా అర్థంపర్థం లేని అంకెలు. వేళ్లు వాటంతటవే కదిలాయి. "ఈ ప్యాచ్ లోపలి మెమరీని పాడుచేస్తోంది. ఫలితం జతచేశాను. ఈ విడుదలకి తీసుకోలేను." రెండుసార్లు చదువుకుంది. మర్యాదకేం లోటు లేదు. లిస్టుకి పంపేసింది.

వెంటనే ఆ పిల్లమీద జాలి పుట్టుకొచ్చింది. ఎంత హాయైన జాలి! ఒళ్లంతా తేలికపడింది. సాయంత్రం భుజంమీద చెయ్యేసి, "కొత్తలో అందరికీ అవుతుందమ్మా" అనాలి. గొంతు ఎంత మెత్తగా పెట్టాలో కూడా అనుకుంటూ ఉండగా తలుపు చప్పుడైంది.

తోటికోడలు. జుట్టుముడిలో పెన్సిల్ గుచ్చుకుని గుమ్మంలోనే ఆగింది.

"అక్కా, పనిలో ఉన్నారా?"

"లిస్టులో రాయొచ్చుగా?"

"రాయొచ్చు. రాయలేకపోయాను." లోపలికో అడుగు వేసింది. "ఆ పరీక్ష మామూలు మెషీన్లకి రాసింది కదక్కా? బయటనుంచి మాట కనపడితే పచ్చ."

"అయితే?"

"కనపడకూడదనే కదా మన తంటా అంతా."

ఆమె చెవులు వేడెక్కాయి. తెలియనిదా? ఈ భాగంలో తనకి తెలియనిదేముంది! బయటికి కనపడకపోవడమే ఈ పనికి ప్రాణం. తప్పు కావాలని కాచుక్కూచున్న కంటికి ఎర్రరంగు చాలింది, అంతే.

"ఇంకా ఎవరూ చూసినట్టు లేదు" అంది తోటికోడలు. "మళ్లీ నడిపితే సరిగానే వచ్చిందని రాసెయ్యండి. నేనేం మాట్లాడను."

"నా పరువు కాపాడ్డానికొచ్చావా?"

"అబ్బే. భయమేసి వచ్చాను. అందరిముందూ మిమ్మల్ని తప్పుపడితే ఇక సంతకమే పెట్టరేమోనని."

"నేనంత చెడ్డదాన్నా?"

"ఏమో అక్కా" అంది ఆ పిల్ల, నిజంగానే తెలియనట్టు. తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయింది.

ఆమె ఆ జవాబే మనసులో రాసుకుని చూసింది. మళ్లీ నడిపితే సరిగానే వచ్చింది. ఎంత చిన్న అబద్ధం! ఎవరూ పట్టుకోలేరు. పట్టుకోగలిగిన ఒక్కతీ నోరు విప్పనంది. ఆ ఉదారతే ఒళ్లు మండిస్తోంది. మంచితనంలోనూ ఇది నాకంటే ముందే ఉండాలా? ఉదారత కాదు, భయమని తనే చెప్పిందిగా. అది గుర్తొచ్చాక మంట కొంచెం తగ్గింది. తగ్గినందుకు సిగ్గేసింది.

లోపలి మెషీన్‌లోకే వెళ్లి చూసింది. గుర్తుమాట చెక్కుచెదరకుండా ఉంది. పేజీని పంచుకోమంది, వెనక్కి తీసుకోమంది, మళ్లీ పంచుకోమంది. తను విప్పలేకపోయిన చిక్కు ఎక్కడా తగల్లేదు. మెచ్చుకోవాలనిపించలేదు. అసూయ పోలేదు. అది పోయేదాకా ఆగితే సాయంత్రం దాటిపోతుంది.

లిస్టు తెరిచి, తన ఉత్తరం కిందే రాసింది. "ఎరుపు రావడమే సరి. తప్పుగా చదివింది నేను. లోపలినుంచి కూడా చూశాను. ప్యాచ్ తీసుకోవచ్చు." దాని కింద, చూసినవారు అన్నచోట, తన పేరు పూర్తిగా టైపు చేసి, పంపే మీట నొక్కింది.