మాలకొండయ్య నిలబడిన చేను

ఈ సంగతి మొదట చెప్పింది కురిచేడు రైలు గేటు కాడ సైకిళ్ళు బాగుచేసే జీవన్ కుమార్. మంచోడే గానీ ఏదీ తిన్నగా చెప్పడు. యేసుమణి చేను మూడెకరాలన్నాడు. మూడు కాదు, రెండెకరాల డెబ్బై సెంట్లు. ఆ చేలో ఉండే నీడకు తలగుడ్డ లేదన్నాడు. ఉంది. ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాల.

అప్పట్లో యేసుమణికి తెల్లారితే ఒకటే పని. సంగటి కెలికి, ఇంత పచ్చడి వేసి క్యారేజీలో సర్దుకొని, తలకు కొంగు చుట్టుకొని చేనికి పోవడం. వాన పడిన ఏడు కందో ఆముదమో వేసేది. పడని ఏడు కూలికి పోయేది. గవర్నమెంటు పట్టా ఇచ్చిన ఆ నేలలో ముందు రాళ్ళు తప్ప ఏమీ లేవు. ఆమె నాయన పాల్ రాజు ఇరవై ఏళ్ళు పలకరాళ్ళు పెరికి, వాటితోనే చుట్టూ గట్టు పేర్చినాడు.

పాల్ రాజు పోయి పదకొండేళ్ళు. ఆయన్ను సమాధుల దొడ్లో పెట్టినారు. నీడ మాత్రం చేలోనే ఉండిపోయింది. భుజాన గడ్డపార, తలకు గుడ్డ, ఉత్తరం గట్టు కాడ. మిట్టమధ్యాన్నం మనుషుల నీడలన్నీ కాళ్ళ కిందికి పోతాయి గదా, ఆయనది అప్పుడు కూడా నిలువునా పొడుగ్గా పడుండేది. మైలు దూరంలో ఇంకో నీడ లేదు. కూలికొచ్చిన ఆడోళ్ళంతా అందులోనే కూచొని తినేవాళ్ళు.

"పాల్ రాజు మామా, కొంచెం జరుగు, నా వీపుకు ఎండ తగుల్తాంది" అనేది కృష్ణమ్మ. నీడ జరిగేది.

గట్టు అవతల రెండెకరాల నలభై సెంట్లు మాలకొండయ్యది. ఇద్దరికీ ఏ తగాదా లేదు. పాల్ రాజు బతికున్నన్నాళ్ళు వాళ్ళ ఇంటి పనికి పోయేవాడు. మాలకొండయ్య భార్య సరస్వతమ్మ ఆయనకు కొట్టం పక్కన సొట్టల సత్తు పళ్ళెంలో అన్నం పెట్టేది, చెంబు పైకెత్తి దోసిట్లో నీళ్ళు పోసేది. ఆ పళ్ళెం ఆయనే కడిగి కొట్టం చూరులో దోపేవాడు.

మిరపకోతలప్పుడు ఊరికి సర్వే వచ్చింది. ఎవరి చేలో వాళ్ళు నిలబడాలని చాటించినారు. యేసుమణి తెల్లారుజామున ముండ్లమూరు పక్కకు కోతకు ఆటో ఎక్కాల. ముందురోజు గట్టు మీద నుంచి కేకేసింది.

"మాలకొండయ్యన్నా, రేపు నా చేలో గూడా కొంచెం నిలబడు."

"నిలబడేదానికి కూలి ఏమిస్తావు మణీ?"

"గుప్పెడు మిరపకాయలు తెస్తాలే."

ఆ ఊర్లో అది మామూలే. ఒకరి గొడ్డును ఇంకొకరు తోలుకొస్తారు, ఒకరి పిల్లను ఇంకొకరు బడికి దించుతారు. నిలబడేదానికి ఆలోచన ఏముంది?

సాయంత్రం వచ్చి అడిగింది. "అయిపోయిందా అన్నా?"

"అయింది. ఫోటో తీసినారు. వేలు పెట్టమన్నారు, పెట్టినా."

కొంగులో మిరపకాయలు ఆయన చేతుల్లో పోసి పోయింది.

ఎనిమిది నెలలకు పట్నం పెరిగి ఊరి మీదికొచ్చింది. పెద్ద రోడ్డంట, దాని పక్కన ప్లాట్లంట, ఊరికి ఊరే లేచిపోవాలంట. సచివాలయం గోడకు లిస్టు అంటించినారు. అయిదెకరాలు ఉన్నోళ్ళకు కాలనీలో ఇంటి స్థలం, వేరే చోట చేను. అంతకు తక్కువైతే ఇంటి స్థలం ఒక్కటే. లిస్టులో లేనోళ్ళకు ఏమీ లేదు. కృష్ణమ్మ కొడుకు వంశీ వేలు పెట్టి వరసగా చదివినాడు. యేసుమణి పేరు రాలేదు. మాలకొండయ్యకు అయిదెకరాల పది సెంట్లు పడింది.

"అదేంది అన్నా?"

"ఆఫీసోళ్ళ తప్పు మణీ. విచారణకు వస్తారంట గదా, నేను చెప్తా పో" అన్నాడు మాలకొండయ్య. ఆ మాట ఆయన మనసుతోనే అన్నాడు.

విచారణకు సారు చేనికే వచ్చినాడు. యేసుమణి బైబిల్లో మడిచి దాచిన నాయన పట్టా తీసిచ్చింది.

"ఇది పాతదమ్మా. ఇప్పుడు సర్వేలో పడిందే లెక్క. నువ్వు సాగులో ఉన్నట్టు ఏముంది?"

ఆమె ఉత్తరం గట్టు చూపించింది. సారు నీడ చుట్టూ ఒకసారి నడిచి చూసినాడు.

"ఎవరిది?"

"మా నాయనది సార్. ఎప్పుడూ ఈడనే ఉంటాడు."

"సంతకం పెడతాడా?"

"బతికున్నప్పుడే పెట్టలేదు సార్. వేలిముద్రే."

"నీడకు ముద్ర పడదమ్మా. నీడలు స్వాధీనం కిందికి రావు" అని రాసుకొని, మాలకొండయ్య పక్కకు తిరిగినాడు. "పెద్దాయనా, సర్వే నాడు ఇక్కడ నిలబడింది నువ్వేనా?"

"నేనే."

"సాగు ఎవరిది?"

యేసుమణి ఆయన నోటికల్లా చూసింది. సరస్వతమ్మ కూడా చూసింది, మెల్లగా అనింది. "మన రెండెకరాలకు ఇంటి స్థలమే వస్తాది. ఈ వయసులో ఎవరి చేలో కూలికి పోతావు?"

మాలకొండయ్య నేలచూపులు చూసినాడు. సారు సాగు ఆయనదే, అభ్యంతరం లేదు అని రాసుకొని జీపెక్కినాడు.

మాలకొండయ్య ఇంటిదారి పట్టినాడు. అప్పుడు గట్టు కాడి నీడ లేచి, గడ్డపార సర్దుకొని, ఆయన వెనకే నడిచి ఆయన కాళ్ళకు అతుక్కుంది. ఆయన సొంత నీడ ఏమైందో ఎవరూ చూడలేదు.

"నాయనా!" అని పిలిచింది యేసుమణి. అది వెనక్కి తిరగలేదు.

కాలనీలో కొత్త ఇల్లు, కొత్త గడప. మాలకొండయ్య కంటే ముందు నీడ గడప దాటబోయింది.

"ఆడనే ఆగు" అనింది సరస్వతమ్మ.

"నేనే గదనే."

"నువ్వే. నీ ముందరున్నది?"

ఆ రోజు నుంచి ఆయనకు తిండి, పడక బయట వరండాలోనే. ఊరు లేచేటప్పుడు సామాన్లలో ఆ సొట్టల పళ్ళెం కూడా వచ్చింది. అందులోనే పెడతాది. తిని, ఆయనే కడిగి వరండా రేకు కింద దోపుతాడు.

నాలుగుసార్లు ఆఫీసుకు పోయినాడు. "ఆ చేను నాది కాదు సార్, యేసుమణిది. దిద్దండి."

"ఫైలు మూసేసినాం పెద్దాయనా. నువ్వు నిలబడినట్టు ఫోటో ఉంది, నీ వేలు ఉంది. ఇచ్చింది వద్దంటావేంది?"

యేసుమణికి ఇల్లూ లేదు, చేనూ లేదు. కృష్ణమ్మ రేకుల వసారాలో తల దాచుకొని రోడ్డు పనికి పోతాది. ఆ రోడ్డు ఆమె చేను మీదుగానే పోతాది. నాయన పేర్చిన గట్టు రాళ్ళే కొట్టి కంకర చేసినారు. తట్ట నెత్తిన పెట్టుకొని ఆమె వాటినే మోసింది. మధ్యాన్నం ఆడోళ్ళు నీళ్ళ ట్యాంకరు కిందికి దూరితే, ఆమె మాత్రం ఉత్తరం గట్టు ఉండిన చోటే ఎండలో కూచొని క్యారేజీ తెరిచేది.

ఒకరోజు గిద్దలూరు పక్కకు పోయే ఆటో ఆగింది. మాలకొండయ్య దిగినాడు. వచ్చి ఆమెకు నాలుగు అడుగుల దూరంలో నిలబడినాడు. గడ్డపార, తలగుడ్డ, పొడుగాటి నీడ ఆమె మీద పడింది. యేసుమణి క్యారేజీ తీసుకొని లేచి దూరంగా పోయింది. మరుసటి రోజు కూడా వచ్చినాడు. ఆమె మళ్ళీ లేచి పోయింది. మూడో రోజు ఆమె లేవలేదు. ఆయన ముఖం చూడలేదు, అన్నా అని పిలవలేదు. నాయన నీడలో కూచొని తినింది.

ఆమె క్యారేజీకి మూత పెట్టేదాకా ఆయన కూచోడు. ఆదివారం తప్ప రోజూ వస్తాడు. వయసు డెబ్బై రెండు, మోకాళ్ళు వాచి ఉన్నాయి.

జీవన్ కుమార్ దీన్ని మాలకొండయ్య చేసిన మంచిగా చెప్పుకుంటా తిరుగుతాడు. మంచి కాదు. ఒక్కనాడు నిలబడి, నిజం అడిగిన నాడు నోరు తెరవనోడు ఇప్పుడు నిలబడతానే ఉన్నాడు, అంతే. కాగితాల కాడ కూచున్నోళ్ళు ఎవరన్నా ఇది చదివితే ఒక్క గీత దిద్దండి. ఉత్తరం గట్టు, రెండెకరాల డెబ్బై సెంట్లు, పాల్ రాజు కూతురు యేసుమణిది అని రాయండి. చేను తిరిగి రాదు, ఎరుకే. ఆ ముసలోడన్నా కూచోవాల.