నాచు కింద పురుగు

చనిపోయిన భార్య షినో నాటిన మేపుల్ చెట్టును పాడుచేసింది ఆమె తమ్ముడు ఇసాకు అనేవాడే. తోకుజోకు ఇందులో అనుమానమేమీ లేదు. అక్క సంవత్సరీకానికి తోట అందంగా ఉండాలని వాడు చెట్టు మొదలంతా నాచుతో కప్పాడు. ఇప్పుడు ఆకులు ముడుచుకుపోతున్నాయి.

ఇసాకు చూస్తుండగా తోకుజో నాచు పీకాడు. కింద రంపపు పొట్టులాంటి తడి పొడి, బెరడులో రంధ్రం కనబడ్డాయి. తీగ దూర్చి మెలితిప్పితే తెల్లటి పురుగు బయటికొచ్చింది.

"నాచు లేకపోతే ఈ పొట్టు ఎప్పుడో కంటబడేది."

"గుడి తోటల్లో ఇలాగే వేస్తారు కదా బావా."

"అయితే వెళ్లి గుళ్లోనే ఉండు."

గోటితో బెరడు గీకితే ఒక పక్క ఎండిపోయి ఉంది. రెండో పక్క గీకాడు. లోపల సన్నగా పచ్చదనం ఉంది.

"బతుకుతుందా బావా?"

ఎండిన పక్క కోసేయడానికి తోకుజో రంపం అందుకున్నాడు. "సగం బతుకుతుంది. ఇక ఈ నాచు మాట నా దగ్గర ఎత్తకు. చచ్చేదాకా నేనూ ఎత్తను."