ఉతకని మరక

ఎనిమిది నెలలుగా ఆ మరకని ఉతుకుతూనే ఉన్నాను. లోబట్టకి ఎడమవైపు, ఆవగింజంత, తేనెరంగు. ఇంటిల్లిపాది బట్టలూ నా చేతిమీదుగానే పోతాయి కనుక ఏ మరక ఎవరిదో, దేనిదో చూడగానే చెప్పేస్తాను. మా ఆయన జేబు మీద సిరా, అత్తగారి కొంగుకి దగ్గుమందు. నా మరకని మాత్రం సబ్బుకే వదిలేశాను.

చనుమొన దురదపెడుతోందంటే అత్తగారు, "లోబట్టలు నీడన ఆరేస్తే అంతేనమ్మా" అన్నారు. తువ్వాలు కింద దాచి ఆరేయమన్నదీ ఆవిడే. మా ఆయన తన తామరమందు ట్యూబు విసిరి, "రాసుకో. దీనిక్కూడా డాక్టరేనా?" అన్నారు. రాశాను. తగ్గినట్టే తగ్గి మళ్లీ పొట్టు లేచేది.

చివరికి ఒక్కదాన్నే వెళ్లాను. అలవాటు చొప్పున శుభ్రంగా కడుక్కుని, మందు రాసుకుని, ఉతికిన బట్టలతో. మరక సంగతి విని డాక్టరమ్మ నవ్వారు. "చుట్టాలొస్తున్నారని ఇల్లు సర్దినట్టు వచ్చారేమిటండీ! వారం పాటు ఏమీ రాయకండి. ఆ లోబట్ట ఉతక్కుండా తీసుకురండి."

ఉతక్కుండా! ఆ వారమంతా బకెట్టు పక్కన అది పడి ఉంటే నా చెయ్యి అటే పోయేది. అత్తగారు ముక్కున వేలేసుకున్నారు. నేను ముట్టుకోలేదు.

డాక్టరమ్మ మరక చూసి, చర్మం ముక్క తీసి పరీక్షకి పంపారు. ఫలితం వచ్చాక పిలిచి చెప్పారు: "రొమ్ము క్యాన్సరేనండీ, కానీ అరుదైన రకం. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లలో నూటికి ఒకరో ఇద్దరో. ఒక్కోసారి గడ్డ ఉండదు, తామరలా కనబడి అందర్నీ మోసం చేస్తుంది. మీ చర్మంలో పెద్ద పెద్ద పాలిపోయిన క్యాన్సర్ కణాలున్నాయి." ఆపరేషనయ్యేదాకా నాకు నిద్ర లేదు. ఆ తర్వాత వచ్చిన రిపోర్టు ఆవిడే చదివారు: "క్యాన్సర్ పాలనాళాలు దాటలేదు. తీసిన ముక్క అంచుల్లో ఏమీ మిగల్లేదు, శుభ్రంగా ఉన్నాయి." ఆ ఒక్క మాటకి భోరున ఏడ్చాను. నా రెక్కలు ముక్కలు చేసుకోకుండా దొరికిన మొదటి శుభ్రం అది.

ఇంటికి రాగానే మా ఆయన, "ఎవరడిగినా చర్మం ఎలర్జీ అని చెబుదాం" అన్నారు.

"క్యాన్సరనే చెబుతాను. తామర అన్నది మీరు."

ఆయన లోపలికి వెళ్లారు. కాసేపటికి చొక్కా పట్టుకొచ్చారు. "ఇదేం మరకో! పోతుందంటావా?"

చూడగానే తెలిసింది. కుర్చీలో వెనక్కి వాలి అన్నాను:

"వారం పాటు ఉతక్కుండా ఉంచి, మీరే చూసుకోండి."